బావమరిది పోసిన జాలీలు

ఆ ఏడు వానలు పది రోజులు ముందే దిగాయి. సరిగ్గా అదే వారంలో మా ఆవిడ వీధి వరండాలో పొయ్యి వెలిగించింది.

ఆమె ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి క్యాంటీన్లో వండింది. క్యాంటీన్ ఉన్నచోట ఎక్స్‌రే గది కట్టాలని, ఆమె చేతిలో ఒక గోడ గడియారం పెట్టి పంపించేశారు. ఆ గడియారాన్ని గోడకి తగిలించి నాలుగు రోజులు దానికేసి చూస్తూ కూర్చుంది. ఐదో రోజు పొద్దున్న కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ, "ఏమండీ, మన వరండా రోడ్డు మీదకే ఉంది కదా. ఎదురుగా బస్సు డిపో. వచ్చేపోయేవాళ్ళకి వేడివేడిగా ఏదన్నా కాల్చి పెడితే తినరంటారా?" అంది.

నేను అప్పటికి రిటైరై ఏడాదిన్నర. రికార్డుల ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేశాను. ఇంట్లో నాకు మిగిలిన పనల్లా పేపరు చదవడం, చదివిన పేపరు మడతపెట్టడం, ఆ మడత ఎవరైనా పాడుచేస్తే కోప్పడటం. అందుకే ఆమె మాట పూర్తికాకుండానే, "ఎందుకు తినరు? పొయ్యి సంగతి నాకొదిలెయ్" అన్నాను.

"తమ్ముణ్ణి ఒక్క మాట అడిగితేనో? వాడు చేసేది ఇనుము పనే కదా."

నేను పేపరు తిరగేశాను. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె తమ్ముడు ఊరి చివర ఫౌండ్రీలో ఇసుకతో అచ్చులు కట్టి కరిగిన ఇనుము పోస్తాడు. ఆరేళ్ళుగా మా గడప తొక్కలేదు. మా అమ్మాయికి పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చిందని నలుగుర్ని భోజనానికి పిలిచిన రోజు, షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. కొత్త సోఫాలో కూర్చోబోతుంటే, మా ఆఫీసరుగారి ముందు, "ముందా చేతులు కడుక్కుని రావయ్యా, సోఫాకి మసి అంటుతుంది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అందరూ నవ్వారు. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినవాడు పెరటి తలుపు తీసుకుని అటునుంచటే వెళ్ళిపోయాడు. మా కోసం తెచ్చిన పళ్ళసంచి మాత్రం కుళాయి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. ఆ పళ్ళు ఇంట్లో ఎవరం తినలేకపోయాం.

సరే, పొయ్యి కట్టించాను. తాపీమేస్త్రి చేత నడుమెత్తు ఇటుకల పొయ్యి. బొగ్గుల మీద పరిచే ఇనుప కడ్డీల జాలీల కోసం మూడు దుకాణాలు తిరిగాను. ముప్ఫై మూడేళ్ళు ఆఫీసుకి కుర్చీలూ బీరువాలూ కొన్న పద్ధతి అదే మరి. చివరికి నల్లగా, అద్దంలా మెరిసే ఎనామిల్ పూత జాలీలు మూడు ఏరాను. దుకాణదారు వాటి మీద గోటితో టకటకా కొట్టి, "తుప్పన్న మాటే ఉండదు సార్. నీళ్ళలో పడేసినా ఇంతే" అన్నాడు. ఆ మాట నేను అక్షరాలా నమ్మాను.

మా ఆవిడ ఒక జాలీని ఎత్తి చూసి, "తేలిగ్గా ఉన్నాయే" అంది.

"అదే కదా మంచిది!" అన్నాను.

మొదటి మూడు వారాలూ మా వరండా కళకళలాడింది. వాన పడుతున్నప్పుడు కాలే మొక్కజొన్న వాసన రోడ్డు దాటి డిపోలోకి వెళ్ళేది. డ్రైవర్లు బస్సు ఆపి దిగి మరీ వచ్చేవాళ్ళు. చేప ముక్కలు, చక్రాల్లా కోసిన వంకాయ, వెన్న రాసి కాల్చిన రొట్టె. ఇంతే మా సరుకు. డిపో కంట్రోలరుగారు రోజూ నాలుగింటికి వచ్చి రెండు రొట్టెలూ ఒక వంకాయా తిని, గొడుగు దులుపుకుంటూ, "అమ్మా, మీ చేతిలో ఏదో ఉంది" అనేవారు. "పటకారు ఉందండీ" అనేది మా ఆవిడ. రోజూ అదే మాట, అదే జవాబు. ఇద్దరూ రోజూ కొత్తగా నవ్వుకునేవారు.

ఆమె కాల్చేది. నేను కడిగేవాణ్ణి. శుభ్రం విషయంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. సాయంత్రం కాగానే ఇనుప అట్లకాడతో జాలీలని బరబరా గీకేవాణ్ణి. పెద్ద తొట్టెలో సబ్బు నీళ్ళు పోసి తెల్లారేదాకా నానబెట్టేవాణ్ణి. ఒకరోజు వేడి తగ్గేదాకా ఆగే ఓపిక లేక కణకణలాడుతున్న జాలీ మీద ఒక చెంబుడు చన్నీళ్ళు గుమ్మరించాను. ఠప్పుమంది. చివరి కడ్డీలో వెంట్రుకంత పగులు కనిపించింది. దాన్ని గోడవైపు తిప్పి పెట్టాను. మా ఆవిడకి చెప్పలేదు.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం కంట్రోలరుగారు రొట్టెని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చూశారు. తిప్పి చూశారు.

"అమ్మా, ఇవి కాలిన చారలు కావేమో. తుప్పులా ఉంది" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. పాపం, మరెవరికీ వినపడకూడదనే అన్నారు. కానీ బెంచీ మీద ఉన్న నలుగురూ తమ తమ రొట్టెలు తిప్పి చూసుకున్నారు.

మా ఆవిడ ఆయన చేతిలోంచి రొట్టె తీసుకుంది. జాలీని పటకారుతో ఎత్తి వెలుగులో పెట్టి చూసింది. పూత పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి, ఆ సందుల్లో ఎర్రగా పొడి. చివరి కడ్డీ ఆమె చేతిలోనే ఊడి బూడిదలో పడింది. ఆమె నావైపు చూసింది. ఒక్క మాటంటే బాగుండేది. అందరికీ నమస్కారం పెట్టి, "ఇవాళ్టికి మన్నించండి" అని పొయ్యిలో బొగ్గులు ఆర్పేసింది.

మర్నాడు పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తూ మా అమ్మాయితో అంటుంటే విన్నాను. "నర్సుల హాస్టల్లో వంటమనిషి కావాలన్నారట. రేపు వెళ్ళి కనుక్కుంటానే. ఈ వయసులో నాకు సొంతంగా ఎందుకొచ్చిన తిప్పలు."

"నాన్నకి చెప్పావా?"

"ఆయనకి ఏం చెప్తాం. ఆయనే తెచ్చారు, ఆయనే తోమారు."

నేను లోపలికి వెళ్ళి, ఊడిపోయిన కడ్డీని పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. గొడుగు తీసుకుని, ఎక్కడికని చెప్పకుండా ఊరి చివరకి వెళ్ళే బస్సెక్కాను.

ఫౌండ్రీ అంటే నేను ఊహించినట్టు మంటలూ మోతలూ ఏం లేవు. వానకి ఇసుక చెమ్మగిల్లిందని ఆ రోజు పోత ఆపేశారట. రేకుల కప్పు మీద వాన ఒకటే చప్పుడు. నల్లటి ఇసుక గుట్ట పక్కన మా బావమరిది వంగి జల్లెడ పడుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి జల్లెడ ఒక్క క్షణం ఆపి, మళ్ళీ ఊపడం మొదలుపెట్టాడు.

"కూర్చోండి" అన్నాడు. "అక్క బాగుందా?"

"బాగుంది."

"అమ్మాయి?"

"బాగుంది."

నా సంగతి అడగలేదు. ఇదివరకు ప్రతి మాటకీ ముందొక బావా, వెనకొక బావా తగిలించేవాడు. ఇప్పుడు ఉత్త 'అండీ'.

సంచిలోంచి కడ్డీ తీసి ఇచ్చాను. విరిగిన చోటుని దీపం కింద పెట్టి, చదువుతున్నట్టు చూశాడు.

"వేడి మీద చన్నీళ్ళు పోశారా?"

"పోశాను."

"అట్లకాడతో గీకారా?"

"గీకాను."

"తెల్లారేదాకా నీళ్ళలో నానబెట్టారా?"

"పెట్టాను."

"ఇంకేం మిగిలిందండీ, బస్సు చక్రం కింద పెట్టడం తప్ప!"

నవ్వలేదు. కానీ ఎందుకో నాకు కాస్త ఊపిరాడింది. కడ్డీ మీద గోరు పెట్టి మిగిలిన పూతని లేపాడు. పొలుసులా లేచి వచ్చింది. "పూత మంచిదే. ఉన్నంతకాలం అదే కాపాడుతుంది. ఒక్కచోట పెచ్చు లేచిందంటే నీళ్ళు దాని కిందకి దూరతాయి. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల తినేస్తుంటుంది."

"మరి ఎలాంటిది కొనాలి?"

మూలన పేర్చిన జాలీల దగ్గరికి తీసుకెళ్ళాడు. అన్నీ బూడిదరంగులో, మొరటుగా, ఏ మెరుపూ లేకుండా ఉన్నాయి. "ఎత్తండి" అన్నాడు. ఒక్కటి ఎత్తేసరికి నా నడుం మూలిగింది. "ఆ బరువు ఉండాలి. కడ్డీ చిటికెనవేలంత లావుంటేనే వేడి పట్టి ఉంచుతుంది. సన్నదైతే చేప పెట్టగానే చల్లబడిపోయి కరుచుకుంటుంది. అప్పుడు మీరు అట్లకాడ పట్టుకుంటారు." నా చెయ్యి తీసుకుని ఇనుము మీద రాయించాడు. "గుంటలు తగులుతున్నాయా? గుంటల్లో తడి దాక్కుంటుంది. నున్నగా ఉన్నదే తీసుకోవాలి." చిన్న సుత్తితో ఒకదాన్ని కొట్టాడు. ఖంగుమంది. ఇంకోదాన్ని కొట్టాడు. దబ్బుమంది. "ఇందులో ఎక్కడో పగులుంది. కంటికి కనపడదు, చెవికి దొరుకుతుంది."

"వీటికి పూత ఏం లేదు కదా. తుప్పు పట్టదూ?"

"పడుతుంది. ఎందుకు పట్టదు? పడుతుందని తెలుసు గనక రోజూ చూసుకుంటాం. పట్టదని నమ్మినదాన్నే గాలికొదిలేస్తాం."

జేబులోంచి పొయ్యి కొలతల కాగితం తీసిచ్చాను. మిల్లీమీటర్లతో సహా రాశాను. దాన్ని చూసి చెవి మీద ఉన్న పెన్సిలు తీసి ప్రతి అంకెనీ కాస్త కాస్త తగ్గించాడు. "ఇనుము వేడికి సాగుతుందండీ. ఇంత బిగించి కూర్చోబెడితే మెసలడానికి చోటులేక అదే పగులుతుంది. చుట్టూ వేలు పట్టేంత సందు వదలాలి."

"ఆ రోజు మా ఇంట్లో..." అని మొదలుపెట్టాను.

"గురువారం పోత పెట్టుకున్నాం" అన్నాడు, జల్లెడ చేతిలోకి తీసుకుంటూ. "మాకు ఒక మనిషి తక్కువ. ఇసుక కూరడానికి ఒక చెయ్యి కావాలి. పొద్దున్నే రాగలరా?"

గురువారం పొద్దున్నే వెళ్ళాను. చొక్కా చేతులు మడిచి, చెక్క పెట్టెలో నల్లటి ఇసుక పోసి, మొద్దుతో దిమ్మిస చేశాను. "మూలల్లో గట్టిగా. మధ్యలో మరీ కాదు. దానికి గాలి ఆడాలి" అంటూ ఉన్నాడు. పదకొండింటికి కరిగిన ఇనుము వచ్చింది. ఎర్రగా కాదు, మా ఇంటి ముందు పొద్దెక్కినప్పటి ఎండ రంగులో ఉంది. బావమరిదీ ఇంకో ముసలాయనా అది ఉన్న పెద్ద గిన్నెని చెరో కాడా పట్టుకుని వంచారు. ధారగా, చప్పుడు లేకుండా, నేను కూరిన ఇసుకలోకి అది దిగింది. నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ముప్ఫై మూడేళ్ళలో నా చేతి మీదుగా ఎన్నో ఫైళ్ళు వెళ్ళాయిగాని, ఇలా కళ్ళముందు గట్టిపడి నిలబడిందేదీ లేదు.

తిరుగు బస్సులో ఖాళీ సీటు చూసి కూర్చోబోయాను. కండక్టరు, "పెద్దాయనా, ఒక్క నిమిషం" అని, తన సంచిలోంచి పేపరు తీసి సీటు మీద పరిచాడు. "ఏమనుకోకండి. మీ తర్వాత తెల్లబట్టలవాళ్ళు కూర్చుంటారు." ఎంతో మర్యాదగానే అన్నాడు. నేను నా చేతులకేసి చూసుకున్నాను. మోచేతుల దాకా నలుపు. పేపరు మీద కూర్చుని, ఇంటికి చేరేదాకా కిటికీలోంచి వాన చూస్తూ ఉండిపోయాను.

శనివారం మూడు జాలీలూ ట్రాలీ బండిలో వచ్చాయి. వాటితో బావమరిది రాలేదు. మా ఆవిడ ఒక జాలీని రెండు చేతులా ఎత్తి, "ఇవెక్కడివి?" అంది.

"మీ తమ్ముడు పోశాడు. ఇసుక నేను కూరాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత నా గోళ్ళకేసి చూసింది. రెండు రోజులైనా అంచుల్లో నలుపు పోలేదు. "హాస్టల్ వాళ్ళకి సోమవారం చెప్తానన్నాను. రానని చెప్పాలి కాబోలు" అని, జాలీ పొయ్యి మీద పెట్టి చుట్టూ సందులో వేలు పెట్టి చూసుకుంది.

అయితే కొత్త జాలీ మీద ఆ రోజే చేప వేయడానికి లేదు. ముందు నూనె పట్టించాలి. ఫౌండ్రీలో చెప్పిన వరసంతా నాకు కంఠతా వచ్చు. కడిగాను. నిప్పు మీద పెట్టి చుక్క తడి లేకుండా ఆరబెట్టాను. వంటనూనె రాసి, గంటసేపు పొగలు పోయేదాకా కాల్చాను. చల్లారాక ముట్టుకుంటే చెయ్యి అతుక్కుపోయింది. జిగురు! పాకం గిన్నెలా తయారైంది.

మా అమ్మాయి పోస్టాఫీసు నుంచి వచ్చి ఒక వేలితో తాకి చూసి, "నాన్నా, దీని మీద స్టాంపులు అంటించుకోవచ్చు" అంది.

మా ఆవిడ పడీపడీ నవ్వింది. గడియారం తెచ్చుకున్న రోజు నుంచీ అంత గట్టిగా ఆమె నవ్వగా నేను వినలేదు.

ఫోన్ చేశాను. "ఎంత నూనె రాశారు?" అన్నాడు బావమరిది.

"బాగానే రాశాను. దేనికైనా లోటు చెయ్యకూడదని."

"అదే మరి. రాసిందంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలండీ. పొరపాటున రాసి, నాలిక కరుచుకుని తుడిచేసుకున్నట్టుండాలి. మిగిలిన ఆ కాస్తే పొర కడుతుంది. అలా నాలుగుసార్లు."

జిగురంతా కాల్చి, రుద్ది, మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగోసారికి జాలీ నల్లబడింది. దుకాణంలో చూసిన అద్దం నలుపు కాదు. కాటుక నలుపు. మీద చుక్క నీళ్ళు పడితే గుండ్రంగా దొర్లిపోయాయి. ఆ సాయంత్రం చేప ముక్క పెడితే, తిప్పే వేళకి తనంతట తనే వదిలేసింది. "ఆహా" అంది మా ఆవిడ. ఆ ఆహా చేపకో, జాలీకో, నాకో అడగలేదు.

అక్కణ్ణుంచి నా దినచర్యే మారిపోయింది. బేరం అయిపోయి బొగ్గుల్లో ఇంకా వేడి ఉండగానే వైరు బ్రష్షుతో మసి రాల్చడం. వైరు ఊడి తిండిలో పడుతుందేమోనని ముందు బ్రష్షుని, తర్వాత జాలీని తడిమి చూడటం. మరీ జిడ్డుంటే గోరువెచ్చని నీళ్ళతో చకచకా కడిగి, వెంటనే నిప్పు మీద పెట్టి ఆరబెట్టడం. వేలికి అంటీ అంటనంత నూనె గుడ్డ. పొయ్యిలో బూడిద ఎత్తిపోయడం, ఎందుకంటే బూడిద గాల్లో తడిని పీల్చి ఇనుముకి అంటిస్తుంది. చివరికి జాలీలు మూడూ వంటింట్లో మేకులకి వేలాడాలి. పేపరు చదివే టైము తగ్గిపోయింది. చదివిన పేపరుని మడతపెట్టి, వేలాడే జాలీలకి చుట్టేవాణ్ణి.

"అమ్మకి జలుబు చేస్తే కూడా ఇంత కంగారు పడలేదు నాన్న" అనేది మా అమ్మాయి.

"మీ అమ్మకి తుప్పు పట్టదే" అనేవాణ్ణి.

"నోటికి తాళం పెట్టుకోకపోతే తిండికి తాళం పడుతుంది" అనేది లోపలినుంచి మా ఆవిడ.

ఒకసారి నిజంగానే పోట్లాడుకున్నాం. నిమ్మకాయ గురించి. చేప కాలుతుండగా పైన నిమ్మరసం పిండితే ఆ రుచే వేరని ఆమె. పులుపు నూనె పొరని తినేస్తుందని నేను. "ఇరవై రెండేళ్ళు వండినదాన్ని, నాకు మీరు చెప్తారా?" అంది. "నేను చెప్పట్లేదు. మీ తమ్ముడు చెప్పాడు" అన్నాను. చటుక్కున ఆగిపోయింది. మర్నాటి నుంచి చేప పళ్ళెంలోకి దిగాక నిమ్మకాయ పిండటం మొదలైంది. కంట్రోలరుగారు రుచి ఇంకా పెరిగిందన్నారు. ఆయన ఏదైనా అంటారు లెండి, మంచి మనిషి.

ఫోన్లు మాత్రం అలవాటైపోయాయి. రెండు రోజులకోసారి ఏదో ఒక అనుమానం వచ్చేది. రాకపోతే తెచ్చుకునేవాణ్ణి. ఒక పొద్దున్న వాన దంచి కొడుతోంది. జాలీ అంచున ఎర్రగా ఏదో చుక్క కనిపించింది. ఫోన్ చేసి స్పీకరు మీద పెట్టి, చేతిలో గుడ్డతో నిలబడ్డాను. పక్కన మా ఆవిడ వంకాయలు కోస్తోంది.

"ఏంటి బావా, ఇంత పొద్దున్నే? ఏమైంది, దగ్గుతోందా జాలీ?" అన్నాడు.

"అంచున ఒక చుక్క. ఆవగింజంత."

"నూనె గుడ్డతో గట్టిగా రుద్దు. పోతే సరే. పోకపోతే ఉప్పుతో రుద్దు."

రుద్దాను. పోయింది. పోయిందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక అప్పుడు తట్టింది, వాడు ఏమని పిలిచాడో. పక్కకి చూశాను. మా ఆవిడ కత్తి ఆగిపోయి ఉంది. తల ఎత్తలేదు. కాసేపటికి మళ్ళీ కొయ్యడం మొదలుపెట్టింది. ఆ రోజు వంకాయ చక్రాలు కొన్ని లావు, కొన్ని సన్నం.

వానాకాలం మధ్యలో నాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు. నన్ను చూసుకోవడంలో మా ఆవిడ బేరం ఆపేసింది. జాలీలు పొయ్యి మీదే, తడి బూడిద మీద ఉండిపోయాయి. నాలుగో రోజు దుప్పటి కప్పుకుని వరండాలోకి వెళ్ళి చూద్దునుకదా, మూడూ ఇటుక రంగు. ఆ నీరసంలో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇనుము కోసం కన్నీళ్ళేంటని మీరు నవ్వచ్చు. మా ఆవిడ కూరగాయలకి వెళ్ళింది. బావమరిదికి ఫోన్ చేశాను.

"అయిపోయింది. మూడూ పోయాయి" అన్నాను.

"జాలీ పోవడమేంటి బావా? పగిలిందా?"

"లేదు. మొత్తం తుప్పు."

"అది ఫోన్లో చెప్పేది కాదు. ఉండు" అన్నాడు.

గంటలో వచ్చాడు. తడిసిన రెయిన్‌కోటు, చేతిలో సంచి. వరండా మెట్టు దగ్గర చెప్పులు విప్పుతూ ఒక్క క్షణం తటపటాయించాడు. నేను ఏదో అనబోయాను, దగ్గొచ్చింది. వాడు పైకి వచ్చి నా నుదుటి మీద చెయ్యేసి చూసి, "జ్వరం తగ్గింది" అన్నాడు. జాలీని ఎత్తి సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. "విన్నావా? లోపల ఏం కాలేదు. ఇది పైపైన పట్టిందే."

స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టాడు. స్టీలు పీచు తీసి నాకొకటి ఇచ్చి, తనొకటి తీసుకున్నాడు. ఇద్దరం రుద్దడం మొదలుపెట్టాం. మొండి చోట్ల వెనిగర్ గుడ్డ వేసి, కాసేపాగి, కడిగి, ఆరబెట్టాం. ఎర్రటి నీళ్ళు వరండా మెట్ల మీదుగా వానలోకి వెళ్ళిపోయాయి. కింద మళ్ళీ బూడిదరంగు ఇనుము బయటపడింది.

"ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాను. రుద్దుతూనే అన్నాను, తల ఎత్తకుండా. "నలుగుర్లో నిన్ను అలా అనకూడదు. ఎక్కడా అనకూడదు."

వాడు చేతిలో పీచు తిప్పి పట్టుకున్నాడు. "నాకా సంగతి ఆరోజే తెలుసు బావా" అన్నాడు. "నీకు తెలియడానికే ఇన్నాళ్ళు పట్టింది." తర్వాత, "ఆ మూల వదిలేశావు, రుద్దు" అన్నాడు.

మా ఆవిడ సంచితో మెట్లెక్కి అక్కడే ఆగిపోయింది. ఇద్దరి వీపులూ ఆమెవైపు ఉన్నాయి. గాజుల చప్పుడుకి నాకు తెలిసింది వచ్చిందని. ఏమంటుందా అని చూశాను. మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. వంటింట్లో పెద్ద గిన్నె దించిన చప్పుడైంది. చాలాసేపటికి, "ఒరేయ్, నీకిప్పుడు కూడా టీలో పంచదార మూడు చెంచాలేనా?" అని కేకేసింది.

"రెండేనక్కా. షుగరొచ్చింది" అన్నాడు వాడు.

"నాకు చెప్పలేదేం రా!" అని ఆమె ఏడుపు మొదలుపెట్టింది. ఏడవడానికి ఆమెకి ఒక సాకు దొరికినందుకు నేను మనసులో ఆ చెంచాకి దణ్ణం పెట్టుకున్నాను. టీలో ఒక్క చెంచానే వేసింది. సోఫాలో ముగ్గురం పక్కపక్కనే కూర్చుని తాగాం.

అప్పటినుంచి వాడు ఆదివారాలు వచ్చేవాడు. చేప తినేవాడు, జాలీల ఒంటి మీద చెయ్యి రాసి చూసేవాడు, మా అమ్మాయితో పేకాడి ఓడిపోయేవాడు. మా జాలీలు చూసి డిపో అవతల టిఫిన్ బండివాళ్ళూ, స్టేషను దగ్గర చేపలు కాల్చే అక్కాచెల్లెళ్ళూ వాడి దగ్గర పోయించుకున్నారు. వానలు వెనకపట్టే రోజుల్లో ఒక ఆదివారం వాడు తల పట్టుకుని వచ్చాడు.

"పదిమందికి పోసిస్తే ఎనిమిదిమంది తుప్పని తిరిగొస్తున్నారు బావా. ఒకడు నీళ్ళలో వదిలేస్తాడు, ఒకడు నూనెలో ముంచేస్తాడు. చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది. నువ్వు ఒక కాగితం రాసిపెట్టు. జాలీతో పాటు ఇచ్చేస్తాను."

ఇంతకన్నా నాకు కావలసిందేముంది? పెన్నుకి సిరా నింపుకుని కూర్చున్నాను. రెండు రోజులు పట్టింది. నాలుగు పేజీలు వచ్చింది. "విషయం: పోత ఇనుము జాలీల నిర్వహణ గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా..." అని మొదలుపెట్టాను.

మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "దీన్ని చదివేలోపల జాలీకి తుప్పు పడుతుంది" అని, కూర కోసినట్టు కోసుకుంటూ వెళ్ళింది. 'ఏమనగా' పోయింది. 'తదనుగుణముగా' పోయింది. మొదటి మూడు పేజీలూ పోయాయి. చివరికి మిగిలినవి ఎనిమిది వాక్యాలు. బరువుగా, నున్నగా ఉన్నది, కొడితే ఖంగుమనేది తీసుకోండి. వేడి మీద చన్నీళ్ళు పోయకండి. నానబెట్టకండి. నూనె రాసి తుడిచెయ్యండి, నాలుగుసార్లు కాల్చండి. ఆరాకే దాచండి, బూడిద మీద వదలకండి. పులుపు పళ్ళెంలో పిండుకోండి. తుప్పు పడితే రుద్దండి, మళ్ళీ నూనె పట్టించండి. భయపడకండి. ఆ చివరి మాట ఆమెది.

బావమరిది దాన్ని ఫౌండ్రీకి పట్టుకెళ్ళి, వంద కాపీలు తీయించి, ఒకటి మా ఇంటికి తెచ్చిచ్చాడు. కింద నేను రాయని ఒక వాక్యం ఉంది. వంకరటింకర అక్షరాలు వాడివే. "అనుమానం ఉంటే మా బావని అడగండి." పక్కన మా ఇంటి ఫోన్ నంబరు.

"నీ నంబరు వెయ్యాలి కదరా! పోసేది నువ్వు" అన్నాను.

"పొయ్యడం నా పని. తుప్పు సంగతి నీకే బాగా తెలుసు. అన్ని తప్పులూ చేసినవాడివి" అన్నాడు.

రెండోరోజు పొద్దున్న జాలీలకి నూనె గుడ్డ రాస్తుంటే ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి. వెనకాల పొయ్యి చిటపటలు, పిల్లల గోల.

"ఏమండీ, బావగారేనాండీ మాట్లాడేది?" అంది.

మా ఆవిడ పటకారు చేత్తో పట్టుకుని నావైపే చూస్తోంది. నేను గుడ్డ పక్కన పెట్టి, స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చున్నాను.

"అవునమ్మా, బావనే. చెప్పండి, ఎక్కడ పట్టింది?"